వాయిస్ మెసేజ్‌ను నెమ్మదిగా వినడం ఎలా? ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యం

పలాస దగ్గరి పల్లెలో ఉన్న అమ్మమ్మ నుంచి ఖరగ్‌పూర్‌లోని మనుమడి ఫోన్‌కు నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ వచ్చిందనుకుందాం. డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చిన సంగతి, బస్సులో సీటు దొరకని సంగతి, పక్కింటివారి ఆవు ఈనిన సంగతి అన్నీ ఒకే ఊపిరిలో చెప్పి, చివర్లో ఆమె రాత్రి వేసుకునే బీపీ మాత్ర ప్రస్తావన తెచ్చింది. ‘మానమన్నారు’ అన్నదా, ‘మానొద్దన్నారు’ అన్నదా? మనుమడు మూడుసార్లు విన్నాడు. మూడుసార్లూ అదే వేగం, అదే గజిబిజి.

ఇది కల్పించిన ఉదాహరణే. అయితే ఇందులోని చిక్కు మాత్రం కల్పన కాదు. ఇంగ్లిషులోనూ హిందీలోనూ కాదనే మాట చాలావరకు విడిగా నిలబడుతుంది. తెలుగులో అది తరచుగా క్రియ కడుపులోనే దాగి ఉంటుంది. వస్తారు, రారు, ఇస్తాను, ఇవ్వను, తినమన్నారు, తినొద్దన్నారు. ఒకటి రెండు అక్షరాలు చెవిని తప్పించుకుంటే అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. ఇంట్లో రోజూ తెలుగు వినేవారు సందర్భాన్ని బట్టి ఆ లోటును పూరించుకోగలరు. తెలుగు వంటింటి వరకే పరిమితమైన చోట పెరిగిన పిల్లలకు ఆ సౌకర్యం ఉండదు.

రైలు పట్టాల వెంట వచ్చిన భాష

ఖరగ్‌పూర్‌కు తెలుగువారు రావడం వెనుక రైల్వే చరిత్ర ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద జంక్షన్‌గా మలచింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఇక్కడి వర్క్‌షాప్ పని మొదలుపెట్టింది. అంతకు కొన్నేళ్ల ముందే కోరమండల్ తీరం వెంబడి రైలు మార్గం పూర్తయింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి కూలీలు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు, క్లర్కులు ఉత్తరానికి కదిలారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కార్మిక నాయకుడిగా ఎదిగినది ఈ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల మధ్యనే.

1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడింది. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే విడిగా పని ప్రారంభించే వరకు ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ ఒకే జోన్ కింద ఉండేవి. బదిలీ మీద వచ్చినవారిలో కొందరు తిరిగి వెళ్లారు, చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, ఆ నిర్ణయం వెనుక ప్రధానంగా వినిపించిన పేరు ఖరగ్‌పూరే.

గుర్తింపు ఒక సంగతి, వాడుక మరొక సంగతి. ఈ ఊరిలో వీధి భాష హిందీ, బెంగాలీల కలగలుపు. చదువు ఎక్కువగా ఇంగ్లిషులో సాగుతుంది. మూడో తరానికో నాలుగో తరానికో చెందిన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, కొంత మాట్లాడగలరు. చదవడం, రాయడం మాత్రం రానివారు ఉంటారు. అటు ఊళ్లోని పెద్దవారికి ఫోన్‌లో టైపు చేయడం కష్టం. రెండు వైపులా అక్షరం పనికిరాని చోట మిగిలేది గొంతే. పైగా ఆ గొంతులో పలికేది పుస్తకాల తెలుగు కాదు. ‘లేదు’ ‘నేదు’ అవుతుంది, ‘ఏమిటి’ ‘ఏటి’ అవుతుంది, ‘చేస్తున్నావు’ ‘సేస్తన్నావు’ అవుతుంది. పండగలకు ఊరు వెళ్లినప్పుడు మాత్రమే ఆ యాస వినే పిల్లలకు, ఎదురుగా ముఖం, చేతి సైగలు లేని రికార్డు మరింత కఠినంగా తోస్తుంది.

ఎదుట ఉన్న మనిషినైతే ‘కాస్త మెల్లగా చెప్పు అమ్మమ్మా’ అని అడగవచ్చు. రికార్డును ఎలా అడగాలి?

వాట్సాప్‌లో వేగం పెరుగుతుంది, తగ్గదు

వాట్సాప్ 2013లో వాయిస్ మెసేజ్‌లను ప్రవేశపెట్టింది. తన వినియోగదారులు రోజుకు సగటున 700 కోట్ల వాయిస్ మెసేజ్‌లు పంపుతున్నారని 2022 మార్చిలో ఆ సంస్థ వెల్లడించింది. వినే వేగాన్ని మార్చే బటన్ 2021లో వచ్చింది. మెసేజ్ వినిపిస్తున్నప్పుడు కనిపించే చిన్న గుర్తును నొక్కితే 1×, 1.5×, 2× అని వరుసగా మారుతుంది. మళ్లీ నొక్కితే మొదటికి వస్తుంది. ఒకటి కంటే తక్కువ వేగం ఆ వరుసలో లేదు. పొడుగు మెసేజ్‌లతో విసిగినవారి సమయం ఆదా చేయడానికి పుట్టిన సదుపాయం కావడం వల్ల కాబోలు, మాట అందక ఇబ్బంది పడేవారు దాని రూపకర్తల దృష్టికి రాలేదని అనిపిస్తుంది.

అందువల్ల మొదట చూసుకోవలసినది ఆ గుర్తునే. తెలియకుండా వేలు తగిలి వేగం 1.5×కో 2×కో మారిపోతే, తరువాతి మెసేజ్‌లకూ అదే వేగం కొనసాగవచ్చు. ‘ఈమధ్య అందరూ గబగబా మాట్లాడుతున్నారు’ అని ఇంట్లో పెద్దవారు అంటే, ముందుగా ఆ గుర్తు మీద ఏ అంకె ఉందో చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

1× కంటే కిందికి వెళ్లాలంటే మెసేజ్‌ను వాట్సాప్ నుంచి బయటకు తీసుకురావాలి. ఇది వినడానికి పెద్ద పనిలా ఉన్నా, ఒకసారి చేస్తే అలవాటవుతుంది. ఫ్రాన్స్ కేంద్రంగా లాభాపేక్ష లేకుండా పనిచేసే వీడియోలాన్ సంస్థ రూపొందించిన వీఎల్‌సీ అనే ప్లేయర్ ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ ఉచితంగా లభిస్తుంది. వాయిస్ మెసేజ్ మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే పైన గాని, కింద గాని షేర్ ఎంపిక కనిపిస్తుంది. ఐఫోన్‌లో దానిని ఫైల్స్‌లో సేవ్ చేసి, వీఎల్‌సీతో తెరవాలి. ఆండ్రాయిడ్‌లో షేర్ జాబితాలో వీఎల్‌సీ కనిపించకపోతే, ఫోన్ ఫైల్ మేనేజర్‌లో ఆండ్రాయిడ్, మీడియా అనే ఫోల్డర్ల లోపల వాట్సాప్‌కు చెందిన ‘వాయిస్ నోట్స్’ ఫోల్డర్ వెతకాలి. అందులోని ఫైళ్ల పేర్లలో తేదీ కూడా ఉంటుంది కాబట్టి, కావలసిన మెసేజ్‌ను గుర్తుపట్టడం సులభం.

వీఎల్‌సీలో ఆ ఫైలు వినిపిస్తుండగా, మెనూలోని ప్లేబ్యాక్ స్పీడ్ ఎంపికతో వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గించవచ్చు. నేరుగా సగానికి దించకండి. 0.8 దగ్గర మొదలుపెట్టి, అప్పటికీ అందకపోతే 0.7కు వెళ్లండి. 0.8 వేగంలో నలభై సెకన్ల మెసేజ్ యాభై సెకన్లు పడుతుంది, 0.5లో ఎనభై సెకన్లు. అంత సాగదీసిన మాటలో వాక్యం మొదలు గుర్తుండగానే చివర రాదు.

టెలిగ్రాం వాడే కుటుంబాలకు ఈ శ్రమ లేదు. 2023 మార్చి నుంచి ఆ యాప్‌లో వాయిస్ మెసేజ్ వినేటప్పుడు వేగం గుర్తును నొక్కి పట్టుకుంటే 0.2 నుంచి 2.5 రెట్ల వరకు కావలసిన వేగాన్ని ఎంచుకోవచ్చు. అయితే అమ్మమ్మ వాట్సాప్‌లో ఉన్నప్పుడు మనుమడు టెలిగ్రాంలో ఉండి ఏం లాభం?

ఒక్క హెచ్చరిక ఉంది. ఆడియోను నెమ్మదింపజేస్తామని చెప్పే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో అనేకం మీ ఫైలును తమ సర్వర్‌కు ఎక్కించుకొని పని చేస్తాయి. వాట్సాప్ మెసేజ్‌లకు ఉన్న ఎన్‌క్రిప్షన్ రక్షణ, మీరు ఆ ఫైలును మరో చోటికి పంపిన క్షణంలోనే ముగుస్తుంది. ఇంటి జబ్బులు, డబ్బులు, తగాదాలు ఉన్న గొంతును ఫోన్ దాటించకుండా పని పూర్తి చేసుకోవడమే మంచిది. ఒక్కసారి మాత్రమే వినేలా పంపిన మెసేజ్‌లను సేవ్ చేయడం, ఫార్వర్డ్ చేయడం కుదరదు. కాబట్టి వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

గొంతు మారకుండా మాట ఎలా సాగుతుంది?

టేప్ రికార్డర్ల కాలం గుర్తున్నవారికి ఒక అనుభవం ఉండి ఉంటుంది. బ్యాటరీలు అయిపోవచ్చినప్పుడు పాట సాగుతూ సాగుతూ, గాయని గొంతు గాయకుడి గొంతుగా, ఆ తరువాత మూలుగుగా మారేది. టేపు నెమ్మదిగా కదిలితే ధ్వని తరంగాలు కూడా అంతే నెమ్మదిస్తాయి. వేగం సగమైతే శ్రుతి ఒక స్థాయి కిందికి దిగుతుంది. అలాగే చేస్తే అమ్మమ్మ గొంతు తాతయ్య గొంతులా వినిపిస్తుంది.

ఫోన్‌లో అలా జరగకపోవడానికి కారణం, అది టేపును సాగదీయదు, ముక్కలు చేస్తుంది. మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు పురుషులలో సెకనుకు సుమారు వంద సార్లు, స్త్రీలలో సుమారు రెండు వందల సార్లు కంపిస్తాయి. ‘ఆ’ అని ఒక అచ్చును పలికినప్పుడు దాదాపు ఒకే ఆకారం ఉన్న చిన్న అలలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్లేయర్‌లోని ప్రోగ్రాం ధ్వనిని సెకనులో కొన్ని వందల వంతుల నిడివి గల ముక్కలుగా కోసి, ఒకదాని అంచు మీద మరొక అంచు పడేలా మళ్లీ పేరుస్తుంది. నెమ్మదిగా వినిపించాలంటే అవసరమైన చోట అదే అలను మరొకసారి వాడుతుంది. అలల సంఖ్య పెరుగుతుంది గాని వాటి ఆకారం, వాటి మధ్య దూరం మారవు. అందువల్ల శ్రుతి మారదు, నిడివి మాత్రం పెరుగుతుంది. పూసలు మార్చకుండా దండలో మరికొన్ని అలాంటి పూసలే చేర్చి పొడుగు చేయడం లాంటిది ఇది.

ఈ ఆలోచన స్మార్ట్‌ఫోన్ కంటే ఎంతో పాతది. తరువాత హోలోగ్రఫీకి నోబెల్ బహుమతి అందుకున్న డెనిస్ గాబోర్, 1940ల ద్వితీయార్ధంలోనే ధ్వనిని చిన్న కణికలుగా భావించి, ఫిల్ము మీది ధ్వని నిడివిని మార్చే యంత్రంతో ప్రయోగాలు చేశారు. 1954లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో గ్రాంట్ ఫెయిర్‌బ్యాంక్స్ బృందం తిరిగే హెడ్‌లు అమర్చిన టేప్ యంత్రంతో మాటను శ్రుతి చెడకుండా కుదించి, పొడిగించి చూపింది. 1993లో బ్రస్సెల్స్ పరిశోధకులు వెర్నర్ ఫెర్‌హెల్స్ట్, మార్క్ రూలాండ్స్ ఒక మెరుగు చేర్చారు. కొత్త ముక్కను అతికించే ముందు, పాత ముక్క అంచుతో దాని అలలు ఎక్కడ బాగా సరిపోలుతాయో వెతికి, అక్కడే కలపడం వారి పద్ధతి. ఈనాటి ప్లేయర్లలో చాలా వాటి లోపల ఈ పద్ధతికి బంధువులైన ప్రోగ్రాంలే పనిచేస్తున్నాయి.

తెలుగు విషయంలో ఈ పద్ధతికి ఒక అనుకూలత ఉంది. మన భాషలో నిడివే అర్థం. ‘పాప పడింది’, ‘పాప పాడింది’ అనే రెండు వాక్యాల మధ్య తేడా ఒక అచ్చు ఎంతసేపు నిలిచిందన్నదే. ‘గడి’, ‘గడ్డి’ మధ్య తేడా నాలుక ఎంతసేపు ఆగిందన్నదే. వేగం తగ్గిస్తే హ్రస్వం కూడా సాగి దీర్ఘంలా వినిపించదా అన్న సందేహం రావచ్చు. హ్రస్వంతో పాటు దీర్ఘం కూడా అదే నిష్పత్తిలో సాగుతుంది. చెవి కొలిచేది సెకన్లను కాదు, చుట్టూ ఉన్న మాటల నడకను. అందుకే ఒక్క మాటను విడిగా కోసి నెమ్మదిగా వింటే పొరబడే అవకాశం ఉంది గాని, మొత్తం వాక్యాన్ని వింటే అలా జరగదు. మాత్ర సంగతి తేల్చుకోవాలంటే ‘మాన…’ దగ్గర మొదలుపెట్టకుండా, దానికి ముందున్న ఒకటి రెండు వాక్యాల నుంచి వినండి.

నెమ్మది అన్నిటికీ మందు కాదు

క, ట, ప వంటి స్పర్శాక్షరాలు ఒక్క క్షణంలో పేలినట్లు పలుకుతాయి. వాటిలో పునరావృతమయ్యే అలలు ఉండవు. ప్రోగ్రాం ఆ పేలుడును కూడా రెండుసార్లు వాడితే మాట నత్తినత్తిగా వినిపిస్తుంది. 0.5 దగ్గర గొంతు గుహలోంచి వచ్చినట్లు ఉండడానికి ఇది ఒక కారణం. ఇక పంపినవారి దగ్గరే గాలి హోరులోనో, మిక్సీ మోతలోనో మునిగిపోయిన అక్షరాన్ని ఏ వేగమూ తిరిగి తేలేదు. వాయిస్ మెసేజ్ చిన్న ఫైలుగా కుదించి పంపే ధ్వని కాబట్టి, కొంత సూక్ష్మమైన సమాచారం ముందే పోయి ఉంటుంది.

వినికిడి తగ్గినవారి సంగతి కొంత వేరు. దశాబ్దాల పాటు యంత్రాల మోత మధ్య పనిచేసినవారికి చెవి దెబ్బతినడం ప్రపంచమంతటా తెలిసిన విషయం. ఆవిరి ఇంజిన్ల కాలంలో ఇంగ్లిషులో దీనికి బాయిలర్ పనివారి పేరే పెట్టారు. ఇలాంటి నష్టంలో మొదట దెబ్బతినేది హెచ్చు స్థాయి ధ్వనులు. స, శ, చ వంటి అక్షరాల స్పష్టత వాటి మీదే ఆధారపడి ఉంటుంది. రైల్వే వర్క్‌షాప్ ఉన్న ఊరిలో, రిటైరైన పెద్దాయన ‘వినిపిస్తోంది గాని అర్థం కావడం లేదు’ అంటే ఆ మాటను పట్టించుకోవాలి. వేగం తగ్గించడం కొంత సాయం చేస్తుంది. ఇయర్‌ఫోన్ దానికంటే ఎక్కువ సాయం చేయవచ్చు. వినికిడి పరీక్ష అన్నిటికంటే ముందు చేయించవలసినది.

వృద్ధుల వినికిడిని ఎంతోకాలం పరిశోధించిన బ్రాండైస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆర్థర్ వింగ్‌ఫీల్డ్, ఆయన సహచరులు 1999లో ఒక ఆసక్తికరమైన విషయం ప్రచురించారు. వారు మాటల వేగాన్ని పెంచి, అలా పోయిన సమయాన్ని వాక్యభాగాల మధ్య నిశ్శబ్దంగా తిరిగి చేర్చారు. వినేవారికి విన్నది గుర్తుండడం మెరుగైంది. యువకులు దాదాపు పూర్తిగా కోలుకోగా, వృద్ధులు కొంతవరకు కోలుకున్నారు. ఆ నిశ్శబ్దాన్ని అర్థంతో సంబంధం లేని చోట్ల చేరిస్తే మాత్రం అంత ఫలితం రాలేదు. అంటే మెదడుకు కావలసింది సాగిన అక్షరాలు మాత్రమే కాదు, విన్నదాన్ని సర్దుకోవడానికి సరైన చోట కొంత వ్యవధి. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పరిశోధకులు 1990లలో వృద్ధ శ్రోతల కోసం రూపొందించిన పద్ధతి మరొక దారి పట్టింది. వాక్యం ఆరంభాన్ని బాగా నెమ్మదించి, పోనుపోను మామూలు వేగానికి తెచ్చి, మధ్యలోని పొడుగు విరామాలను తగ్గించి, మొత్తం వార్త నిడివి పెరగకుండా చూడడం దాని ఉద్దేశం.

యంత్రం లేని కాలంలో ఈ పని మనుషులే చేశారు. చిన్న పత్రికలవారు రేడియో పక్కన కూర్చొని రాసుకోవడానికి వీలుగా ఆకాశవాణి హిందీ, ఇంగ్లిషు భాషల్లో నెమ్మది వేగపు వార్తలు ప్రసారం చేసేది. వాయిస్ ఆఫ్ అమెరికా 1959 అక్టోబరులో పరిమిత పదజాలంతో, తగ్గించిన వేగంతో ‘స్పెషల్ ఇంగ్లిష్’ మొదలుపెట్టింది. ఈ రెండింటిలోనూ చదివేవారు అక్షరాలను సాగదీయలేదు. పదబంధం పూర్తయిన చోట ఆగారు.

మాటను అక్షరాలుగా మార్చే సదుపాయం ఉండగా ఇదంతా ఎందుకని కొందరికి అనిపించవచ్చు. గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి 2017లోనే తెలుగు వచ్చింది. అయితే ‘నేదు’ను ఆ ప్రోగ్రాం ఏమని రాస్తుందో ప్రతిసారీ నమ్మకంగా చెప్పలేం. అది సరిగ్గా రాసినా, తెలుగు లిపి రాని మనుమడు దాన్ని చదవలేడు.

వినే వేళ ఆగడం ఏ యాప్‌లోనైనా సాధ్యమే. ఒక వాక్యం వినగానే పాజ్ నొక్కి, అర్థం చేసుకొని, మళ్లీ మొదలుపెట్టండి. తప్పిపోయిన మాట కోసం గీత మీది చుక్కను వేలితో కొంచెం వెనక్కి జరపండి. 0.8 వేగానికి ఈ ఆగడం తోడైతే, చాలా మెసేజ్‌లు రెండో వినికిడికే తేలిపోతాయి. పంపేవారికీ ఒక సదుపాయం ఉంది. 2022 నుంచి వాట్సాప్‌లో రికార్డింగ్‌ను మధ్యలో ఆపి, మళ్లీ కొనసాగించవచ్చు. పంపే ముందు ఒకసారి విని చూసుకోవచ్చు. ఊళ్లో అమ్మమ్మ పక్కన ఉండే పిల్లలు ఆ బటన్ ఆమెకు చూపించి, మందుల సంగతి, ప్రయాణం తేదీ, డబ్బు సంగతి వంటివి మిగతా కబుర్లలో కలపకుండా వేరే చిన్న మెసేజ్‌గా చెప్పించవచ్చు. మాత్ర మానాలా వద్దా అన్నది మాత్రం, ఎంత నెమ్మదిగా విన్నా అనుమానం మిగిలితే, ఫోన్ చేసి అడగవలసిందే.